ప్లగ్గు తీగకు పరీక్ష

మన ఇంటికి ఒక కొత్త యంత్రము వచ్చిన నాడు దానిని ఎన్ని విధముల పరిశీలింతుమో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. ఇస్త్రీపెట్టె అయినచో అడుగు నునుపుగా ఉన్నదా అని చూతుము. మిక్సీ అయినచో గిన్నెలు లెక్కపెట్టుదుము. బట్టలుతుకు యంత్రమైనచో తలుపు తీసి, మూసి, మరల తీసి చూతుము. దాని వెనుక నుండి వ్రేలాడు నల్లని తీగను మాత్రము చుట్ట విప్పి, గోడకు తగిలించి, మరచిపోవుదుము. ఆ తీగకు వేరుగా ధర లేదు, అందము లేదు, దానిని గూర్చి ఇరుగుపొరుగుతో చెప్పుకొనవలసినది ఏమియు లేదు.

అయినను యంత్రము మొత్తములో మిక్కిలి శ్రమపడు భాగము అదియే. మోటారు పెట్టెలోపల కదలక కూర్చుండును. తీగ వంగును, మెలిపడును, తలుపు సందున నలుగును, కుర్చీ కాలి క్రింద పడును, పిల్లలు లాగుదురు, పెద్దలును లాగుదురు. పెట్టెలోని 230 వోల్టుల భాగములకు మన చేయి తగులదు. ఈ తీగనైతే దినమునకు పలుమార్లు తడి చేతితోనైనను పట్టుకొందుము. మన ప్రాణమునకును విద్యుత్తునకును నడుమనున్నది సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల మందముగల తొడుగు మాత్రమే. ఆ తొడుగును, దానిలోని తీగలను నమ్మదగినవని మనకు ముందుగా చెప్పినవారెవరు? ఏ పరీక్ష చేసి చెప్పిరి? ఈనాటి ప్రసంగమునకు విషయము ఇది.

మొదట ఆ తీగ లోపల ఏమున్నదో చూతము. కర్మాగారములలో దీనిని పవర్ కార్డు అందురు. పైన ఒక తొడుగు. లోపల రంగురంగుల తొడుగులుగల మూడు తీగలు. గోధుమరంగు తీగ కరెంటును తెచ్చు ఫేజు. నీలపు తీగ కరెంటును తిరిగి కొనిపోవు న్యూట్రల్. ఆకుపచ్చ, పసుపు చారలు కలిసినది ఎర్తు. మన ఇండ్ల గోడలలోని పాత తీగలలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులు కనబడును. యంత్రములతో వచ్చు మెత్తని తీగలకు మాత్రము నేను చెప్పిన రంగులే ప్రపంచములో అధికభాగమున వాడుకలో ఉన్నవి. ఒక్కొక్క రంగు తొడుగులోను ఉన్నది ఒకే రాగి కడ్డీ కాదు, సన్నని రాగి పోగుల కట్ట. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగలో సాధారణముగా 0.2 మిల్లీమీటరు మందముగల పోగులు 24 ఉండును. ఒకే కడ్డీ అయినచో కొన్ని పదుల వంపులకే విరుగును. సన్నని పోగులు నూలువలె వంగును, వేలకొలది వంపులకు ఓర్చుకొనును.

ఈ మూడు తీగలలో ఎర్తు తీగ స్వభావము వింతయైనది. ఫేజు తెగినచో యంత్రము ఆగును. న్యూట్రల్ తెగినను ఆగును. ఆగిన యంత్రము తన రోగమును తానే చెప్పుకొన్నట్లు. మనము మెకానిక్కును పిలుతుము. ఎర్తు తెగినచో ఏమియు జరుగదు. ఇస్త్రీపెట్టె వేడెక్కుచునే ఉండును, కూలరు గాలి విసరుచునే ఉండును. ఏలయన మామూలు దినములలో ఎర్తు తీగలో కరెంటు ప్రవహింపదు. అది ఊరి చివర కావలివానివలె సంవత్సరముల తరబడి ఊరక నిలుచుండును. లోపల ఎక్కడనో తొడుగు చెడి, ఫేజు తీగ యంత్రపు లోహపు ఒంటికి తగిలిన ఆ ఒక్క క్షణమునందే దానికి పని. ఆ క్షణమున అది కరెంటును తనలోనికి లాగుకొని, ఫ్యూజు పోవునట్లు చేసి, మనుష్యుని కాపాడవలెను. కావలివాడు పోస్టులో ఉన్నాడో లేడో దొంగ వచ్చిన రాత్రి తెలిసికొనుట ఎంత అవివేకమో, ఎర్తు ఉన్నదో లేదో షాకు కొట్టిన నాడు తెలిసికొనుటయు అంతే. కనుక దానిని ముందుగా పరీక్షించి తీరవలెను.

షాకు అనగా ఎంత కరెంటు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చార్లెస్ డాల్జియల్ అను ఆచార్యుడు 1940లనుండి ఈ విషయమును గూర్చి విశేషముగా పరిశోధించెను. ఆ పరిశోధనల వలనను, తరువాతివారి కృషి వలనను మనకు తెలిసినది ఇది. ఆంపియరులో వేయవ వంతు, అనగా ఒక మిల్లీ ఆంపియరు ప్రవహించినచో చేతికి చిమచిమ తోచును. పది పదిహేను మిల్లీ ఆంపియర్లకు చేతి కండరములు బిగుసుకొని, పట్టుకొన్న వస్తువును వదలలేని స్థితి కలుగును. మరి కొంత పెరిగి, కొంత కాలము నిలిచినచో గుండె లయ తప్పును. అందుచేతనే ఇండ్లలో పెట్టుకొను రక్షక స్విచ్చులు 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే కరెంటును తెగగొట్టునట్లు చేయబడుచున్నవి. అట్టి స్విచ్చు నొకదానిని 1961లో రూపొందించినవాడును డాల్జియల్ పండితుడే. ఒక చిన్న బల్బు వెలుగుటకు చాలని కరెంటు మనుష్యుని ఆర్పివేయుటకు చాలును.

ఇక కర్మాగారములోనికి పోదము. తీగల కట్ట పెద్ద చుట్టలుగా వచ్చును. దానిని కొలత ప్రకారము కత్తిరింతురు. కొసలయొద్ద పై తొడుగును, పిదప లోపలి మూడు తొడుగులను ఒలుతురు. వెలికివచ్చిన రాగి పోగులను ఇత్తడి పిన్నుల వెనుకనున్న గొట్టములలో దూర్చి, యంత్రముతో గట్టిగా నొక్కి బిగింతురు. తరువాత ఆ పిన్నులను అచ్చులో పెట్టి, కరగిన ప్లాస్టిక్కును పోయుదురు. కొలదిసేపటిలో ప్లగ్గు తయారగును. రెండవ కొసయొద్ద యంత్రమునకు తగులు ముక్కకును ఇదే క్రమము.

ఇంత సులభమైన పనిలో తప్పు ఎక్కడ జరుగును? ప్రతి మెట్టునను జరుగవచ్చును. తొడుగు ఒలుచు కత్తి ఒక వెంట్రుకవాసి లోతుగా దిగినచో 24 పోగులలో ఐదారు తెగిపోవును. కత్తి మొండియైనచో తొడుగు చిరుగును. పోగులను గొట్టములో దూర్చునపుడు ఒక్క పోగు వెలుపల నిలిచి ప్రక్క పిన్ను వైపునకు సాగవచ్చును. గోధుమ తీగయు నీలపు తీగయు ఒకదాని చోట ఒకటి బిగింపబడవచ్చును. నొక్కుడు వదులైనచో ఆ అతుకు నెలల పిమ్మట వేడెక్కును. కరగిన ప్లాస్టిక్కు మిక్కిలి వేడిగా వచ్చినచో లోపలి తొడుగులు మెత్తబడి తీగలు ఒకదాని చెంతకు ఒకటి జరుగును. ఈ తప్పు లన్నింటి మీదను చివరకు నున్నని నల్లని ప్లాస్టిక్కు ముసుగు పడును. మంచి ప్లగ్గుకును చెడు ప్లగ్గుకును వెలుపలి రూపమున భేద మిసుమంతయు ఉండదు. కంటికి అందని దానిని విద్యుత్తుచేతనే అడిగి తెలిసికొనవలెను.

అడుగవలసిన ప్రశ్నలు ముఖ్యముగా మూడు. తీగలు ఎవరి చోట వారున్నారా? ఎర్తు దారి బలముగా ఉన్నదా? ఒక తీగకును మరొక తీగకును నడుమ అడ్డు సరిగా ఉన్నదా? వీనిని తయారైన ప్రతి త్రాటిని అడుగుదురు. నూటికొకటి, వేయికొకటి ఏరి చూచుట ఇక్కడ పనికిరాదు.

మొదటి ప్రశ్నకు జవాబు తేలికగా దొరకును. ప్రమాదము లేని తక్కువ వోల్టేజి నొక కొసనుండి పంపి, అది రెండవ కొసయొద్ద రావలసిన పిన్నునకే వచ్చినదా అని చూతురు. ఫేజు, న్యూట్రల్ తారుమారైనచో ఏమి నష్టమని కొందరడుగుదురు, యంత్రము పనిచేయునుగదా. పనిచేయును. కాని యంత్రములోని స్విచ్చు తరచుగా ఒక్క ఫేజు దారినే తెంపును. తీగలు తారుమారైనచో స్విచ్చు ఆర్పినను లోపలి భాగములన్నియు 230 వోల్టులతో మేల్కొనియే ఉండును. ఆరినదని నమ్మి చేయి పెట్టినవానికి ఆపద. ఫేజును ఎర్తును తారుమారైనచో చెప్పనే అక్కరలేదు. ప్లగ్గు పెట్టిన మరుక్షణమే యంత్రపు లోహపు ఒళ్ళంతయు ఫేజగును.

రెండవ ప్రశ్న ఎర్తు దారిని గూర్చినది. ఎర్తు తీగ ఈ కొసనుండి ఆ కొసకు తెగక ఉన్నదని ఒక బల్బు వెలిగించి చూచిన చాలదా? చాలదు. 24 పోగులలో 23 తెగి ఒక్కటి మిగిలినను చిన్న బల్బు హాయిగా వెలుగును. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు నిరోధము కిలోమీటరునకు 26 ఓములు మించరాదని ప్రమాణము. ఆ లెక్కను రెండు మీటర్ల తీగకు వచ్చునది ఓములో నూరవ వంతులు ఐదు మాత్రమే. అతుకుయొద్ద ఒక సెంటీమీటరు మేర పోగు ఒక్కటే మిగిలినను దానికి అదనముగా కలియునది నూరవ వంతులో సగమునకు కొంచెము పైన. మామూలు మీటరు ఈ భేదమును గుర్తింపజాలదు. కనుక పరీక్షలో బలమైన కరెంటును పంపుదురు. యంత్రముల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణములో నమూనా పరీక్షకు కనీసము 25 ఆంపియర్లు, తయారీ వరుసలో ప్రతి యంత్రమునకు చేయు పరీక్షకు కనీసము 10 ఆంపియర్లు నిర్ణయింపబడినవి. వోల్టేజి మాత్రము 12కు లోపలనే ఉండును. కనుక పనివానికి భయము లేదు. 0.2 మిల్లీమీటరు రాగి పోగు ఒంటరిగా, కొంత పొడవున నిలిచినచో సుమారు ఏడు ఆంపియర్లకే కరగునట్టిది. బలమైన కరెంటు పోయినచో బలహీనమైన దారి వేడెక్కి తన బలహీనతను బయటపెట్టును. నిజమైన ఆపద వచ్చినప్పుడు ఎర్తు తీగ మోయవలసినది అట్టి బరువునే. చిన్న బరువునకు నిలిచెనని పెద్ద బరువు నెత్తిమీద పెట్టరాదుగదా.

మూడవ ప్రశ్న అడ్డును గూర్చినది. ఇక్కడ పరీక్షించువారు మన ఇంటి కరెంటునకు ఎనిమిది తొమ్మిది రెట్లు బలమైన వోల్టేజిని ప్రయోగింతురు. కర్మాగారమున అచ్చుపోసిన ప్లగ్గుల విషయమున 2,000 వోల్టులను రెండు సెకండ్లకు తగ్గకుండ పెట్టవలెనని ప్రమాణము. 230 వోల్టులతో నడువవలసిన తీగకు 2,000 వోల్టుల పరీక్ష ఏలయని విననివారుండరు. దీనికి కారణము ముచ్చటైనది. 230 వోల్టులని మనము చెప్పుకొను కరెంటు అలవలె లేచి దిగును. దాని శిఖరము సుమారు 325 వోల్టులు. జర్మనీ శాస్త్రజ్ఞుడు పాషెన్ 1889లో ప్రకటించిన నియమము ననుసరించి, మామూలు గాలిలో సుమారు 330 వోల్టులకు లోబడిన వోల్టేజి ఎంత సన్నని సందునైనను నిప్పురవ్వగా దాటజాలదు. అనగా వెలుపల నిలిచిన ఆ ఒంటి పోగు ప్రక్క పిన్నునకు తగిలీతగలనట్లు ఉన్నను, 230 వోల్టులతో చేసిన పరీక్షలో ఆ త్రాడు నెగ్గిపోవును. 2,000 వోల్టుల శిఖరము 2,800 దాటును. అది సుమారు అర మిల్లీమీటరు సందును దాటి దూకగలదు. దూకినంతనే మీటరు గుర్తించి ఎర్ర దీపము వెలిగించును.

తగులని పోగువలన నష్టమేమనవచ్చును. నేడు తగులలేదు, రేపు తగులును. ప్లగ్గు వేడెక్కి ప్లాస్టిక్కు కొంచెము మెత్తబడును, త్రాడు లాగుడులకు పోగు కదలును, వానకాలపు చెమ్మ చేరును, పిడుగు దూరముగా పడినను తీగలమీద ఒక్కసారిగా వోల్టేజి లేచును. సందు పూడుటకు ఇన్ని దారులున్నవి. ఆ రానున్న కాలమును రెండు సెకండ్లలోనికి కుదించి చూచుటయే ఈ పరీక్ష.

ఈ మూడు పరీక్షలను ఏ వరుసలో చేయవలెనన్నది కూడ ఆలోచింపదగిన విషయము. ముందు దారులు తెగక ఉన్నవని రూఢి చేసికొని, పిదపనే ఎక్కువ వోల్టేజిని పెట్టవలెను. ఏలయన తీగ నడుమ తెగియున్నచో 2,000 వోల్టులు ఆ తెగినచోటనే ఆగిపోవును. దాని అవతలి భాగమునకు పరీక్ష జరుగనే జరుగదు. అయినను దీపము పచ్చగానే వెలుగును.

శ్రోతలు ఈ మాటను కొంచెము నిలిచి గమనింపవలెనని నా మనవి. అడ్డును పరీక్షించునపుడు కరెంటు పారనిచో త్రాడు మంచిదని అర్థము. కాని పరీక్షాయంత్రపు తీగయే ఊడియున్నను కరెంటు పారదు. అప్పుడు దాని ముందు ఏ త్రాడు పెట్టినను, పెట్టకున్నను, పచ్చ దీపమే. పగలంతయు వేల త్రాళ్ళు దాని ముందునుండి నడచిపోవును, ఒక్కటియు పరీక్షింపబడదు, లెక్కల పుస్తకములో మాత్రము అన్నియు నెగ్గినట్లే వ్రాయబడును. తప్పు లేదని చెప్పు నోరును, అసలు మాటాడలేని నోరును వినువానికి ఒక్కటిగానే తోచును.

దీనికి మంచి కర్మాగారములలో ఒక చిన్న ఉపాయమున్నది. తెలిసి తెలిసి చెడగొట్టిన త్రాళ్ళు కొన్నింటిని దగ్గర ఉంచుకొందురు. ఒకదానిలో ఎర్తు తెగియుండును. ఒకదానిలో తీగలు తారుమారై ఉండును. ఒకదానిలో అడ్డు బలహీనముగా ఉండును. వీనికి కంటికి కొట్టు రంగు వేసి, తాళముపెట్టిన డబ్బాలో దాచుదురు. పని మొదలుపెట్టునపుడు, పాళీ మారునపుడు ఈ చెడ్డ త్రాళ్ళను యంత్రము ముందు పెట్టుదురు. యంత్రము ఒక్కొక్కదానిని తోసిపుచ్చి ఎర్ర దీపము చూపవలెను. చూపినచో ఆ పూట పని మొదలగును. చూపనిచో పని ఆగును. అంతకుముందు ఎర్ర దీపము చూపిన పూటనుండి తయారైన సరకు మొత్తము తిరిగి పరీక్షకు వచ్చును. బంగారము నిగ్గుతేల్చువాడు ముందు తన గీటురాయిని చూచుకొనును. ఇదియు అంతే. నాకు తెలిసినంతలో ఈ పరిశ్రమ మొత్తములో ఇంతకంటె చౌకయైన భద్రత మరొకటి లేదు. ఐదు నిమిషముల పని. ఖర్చు నాలుగైదు త్రాళ్ళు.

తోసిపుచ్చిన త్రాళ్ళ సంగతియు ఒకటున్నది. వానిని ప్రక్కకు పెట్టి ఊరకున్నచో సాయంకాలపు తొందరలో మంచివానితో కలిసిపోవచ్చును. అందుచేత అక్కడికక్కడే రెండు ముక్కలుగా కత్తిరింతురు. ఓడిన త్రాటిని మరల మరల పెట్టి నెగ్గువరకు ప్రయత్నించుట మిక్కిలి ప్రమాదకరమైన అలవాటు. మొదటిసారి రవ్వ దూకినచోట ఆ ఒంటి పోగు కొస కాలి కుంచించుకొనిపోవచ్చును. రెండవసారి ఆ త్రాడు నెగ్గినను దాని లోపల మసి మిగిలియుండును.

ఆ బల్ల యొద్ద కూర్చున్న మనిషిని గూర్చి కూడ ఒక మాట. ఈనాడు మన ఆంధ్రదేశములో తిరుపతి జిల్లా శ్రీసిటీ వంటి చోట్లను, తెలంగాణములో హైదరాబాదు చుట్టుపట్లను విద్యుత్ పరికరములు తయారుచేయు కర్మాగారము లనేకము వెలసినవి. పరిసర గ్రామములనుండి వచ్చిన యువతీయువకులు వానిలో పనిచేయుచున్నారు. పరీక్షబల్ల మీద 2,000 వోల్టులు నడయాడుచుండును. కనుక పరీక్షాయంత్రమునకు మూత ఉండవలెను. మూత తెరచియున్నంతసేపు కరెంటు రాకూడదు. లేదా రెండు మీటలుండి, రెండు చేతులతోను ఒక్కసారి నొక్కిననే పరీక్ష జరుగవలెను. అప్పుడు చేతులు రెండును మీటలమీదనే ఉండును. కాళ్ళక్రింద రబ్బరు చాప ఉండవలెను. యంత్రము విడుదలచేయగల కరెంటునకు కొద్ది మిల్లీ ఆంపియర్ల మేర కట్టుబాటుండవలెను. వీనిలో ఏ ఒక్కటి వేగమునకు అడ్డు వచ్చినదని తొలగించినను, ఇతరుల ప్రాణమును కాపాడుటకు కూర్చున్నవారి ప్రాణమునకే ముప్పు తెచ్చినట్లగును. మీ ఇంటి అమ్మాయియో, అబ్బాయియో అట్టి బల్లయొద్ద పనిచేయుచున్నచో ఈ ప్రశ్నలు అడిగి తెలిసికొనుడు.

ప్రతి త్రాటికి చేయునవి ఈ మూడు పరీక్షలు. ఇవిగాక ఒక రకపు త్రాటిని బజారులోనికి విడుచుటకు ముందు, కొన్ని నమూనాలను తీసికొని ప్రయోగశాలలో కఠినముగా బాధించి చూతురు. ప్లగ్గును ఒక ఊగు బల్లకు బిగించి, త్రాటికి బరువు కట్టి, నిమిషమునకు 60 పర్యాయముల వంతున 10,000 పర్యాయములు అటునిటు వంచుదురు. అంతసేపును దానిలో కరెంటు పోవుచునే ఉండును. ఒక్క క్షణమైనను తెగరాదు. త్రాటిని ప్లగ్గునుండి 100 మార్లు లాగుదురు. రెండు మిల్లీమీటర్లకు మించి జరుగరాదు. చెమ్మ నిండిన పెట్టెలో రెండు దినములుంచి తీసి, 500 వోల్టులు పెట్టి, అడ్డు ఐదు మెగోములకు, అనగా ఏబది లక్షల ఓములకు తగ్గలేదని చూతురు. పిన్నులను పట్టియుంచు ప్లాస్టిక్కును 125 డిగ్రీల వేడిలో ఉంచి, దానిమీద ఐదు మిల్లీమీటర్ల ఉక్కు గుండును గంటసేపు అదిమిపెట్టుదురు. పడిన గుంట అడ్డుకొలత రెండు మిల్లీమీటర్లు మించరాదు. ఈ పరీక్షలకు గురియైన త్రాళ్ళు అమ్మకమునకు పనికిరావు. కొన్ని త్రాళ్ళు చచ్చి, తమ జాతికి యోగ్యతాపత్రము సంపాదించిపెట్టును.

ఈ జాగ్రత్తలలో ఎక్కడ లోపము జరిగినను ఫలము ఎంత దూరము ప్రాకునో చూడుడు. 2014 ఆగస్టులో హ్యూలెట్ పాకార్డ్ సంస్థ, 2010 సెప్టెంబరు మొదలు 2012 జూన్ వరకు తన ల్యాప్‌టాప్ కంప్యూటర్లతో ఇచ్చిన ఒక రకపు తీగలను వెనుకకు పిలిచినది. ఒక్క అమెరికాలోనే అవి సుమారు 56 లక్షలు. అవి వేడెక్కి కరగుటయో మాడుటయో జరిగినదని సంస్థకు అందిన ఫిర్యాదులు 29. అదే సంవత్సరము డిసెంబరులో లెనోవో సంస్థయు అదే గుర్తుగల తీగలను అమెరికాలో సుమారు 5 లక్షల మేర వెనుకకు పిలిచినది. 2016 జనవరిలో మైక్రోసాఫ్టు సంస్థ తన సర్ఫేస్ ప్రో యంత్రములలో కొన్నిటి తీగలను అమెరికాలో సుమారు 22 లక్షల 50 వేల మేర పిలిచి మార్చి ఇచ్చినది. అతిగా చుట్టినను, మెలిపెట్టినను, నలిగినను అవి దెబ్బతిని వేడెక్కు నవకాశమున్నదని తెలిపినది. ఇరువది తొమ్మిది ఫిర్యాదులకు అరకోటి పైచిలుకు తీగలా అని ఆశ్చర్యపడనక్కరలేదు. పెద్ద కర్మాగారమున ఒక తప్పు ఒక తప్పుగా పుట్టదు. లక్షల ప్రతులుగా అచ్చుపడును. వానిలో ఏది ఏ ఇంట నిప్పు పెట్టునో ఎవరును చెప్పజాలరు. తప్పును బహిరంగముగా ఒప్పుకొని, వస్తువును వెనుకకు పిలుచుట సిగ్గుపడవలసిన పని కాదు. అది పరీక్షలలో కడపటిది.

మన దేశమున ప్రమాణములను నిర్ణయించుటకు 1947లో భారతీయ ప్రమాణముల సంస్థ ఏర్పడినది. వస్తువులమీద ఐ.ఎస్.ఐ. ముద్ర వేయుటకు 1952లో శాసనము వచ్చినది. 1987 ఏప్రిలులో ఆ సంస్థ బాధ్యతలను బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ స్వీకరించినది. మెత్తని తీగలకు ఐ.ఎస్. 694 అను ప్రమాణమును, ప్లగ్గులకు, సాకెట్లకు ఐ.ఎస్. 1293 అను ప్రమాణమును ఉన్నవి. 2003లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఉత్తరువు విద్యుత్ తీగలు, ఉపకరణములు మున్నగు పెక్కింటికి ఈ ముద్రను తప్పనిసరి చేసినది. మన ప్లగ్గులో ఎర్తు పిన్ను తక్కిన రెంటికంటె పొడవుగాను లావుగాను ఉండుట శ్రోతలు చూచియే ఉందురు. లోనికి పోవునపుడు ఎర్తు ముందు తగులవలెను, వెలికి వచ్చునపుడు కడపట వదలవలెను, అందుకని పొడవు. వేరొక రంధ్రమున దూరరాదు, అందుకని లావు. ఇంత ఆలోచన ఒక చిన్న పిన్నులో ఇమిడియున్నది.

అట్టి పిన్నును మనమేమి చేయుచున్నాము? గోడకు రెండు రంధ్రముల సాకెట్టు మాత్రమే ఉన్నదని మూడవ పిన్నును విరుగగొట్టువారున్నారు. ప్లగ్గు తీసివేసి వట్టి తీగల కొసలను రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలతో బిగించువారున్నారు. తెగినచోట మెలిపెట్టి పేపరు టేపు చుట్టువారున్నారు. వేసవిలో లోహపు కూలరులో నీరు పోయుచు, తడినేలమీద వట్టి కాళ్ళతో నిలిచి, ఎర్తులేని తీగతో దానిని నడుపుట మన ఊళ్ళలో సర్వసాధారణము. కర్మాగారమున ఎవరో రెండు సెకండ్లపాటు 2,000 వోల్టులు పెట్టి, పది ఆంపియర్లు పంపి, మనకై కాపాడి ఇచ్చిన ఎర్తు దారిని మనము పట్టకారుతో ఒక్క క్షణమున తెంపివేయుచున్నాము.

కర్మాగారపు పరీక్ష గేటు దాటి మన ఇంటికి రాజాలదు. ఇంటిలో ఆ పని మనది. తీగ కొనునపుడు ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా, దాని పైన ప్రమాణపు సంఖ్యయు, క్రింద సి.ఎం.ఎల్. అను అక్షరములతో లైసెన్సు సంఖ్యయు ఉన్నవా అని చూడుడు. ఆ సంఖ్య నిజమైనదో కాదో బ్యూరోవారి బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో మీ ఫోనులోనే తెలిసికొనవచ్చును. ప్లగ్గును పట్టుకొని తీయుడు; త్రాటిని పట్టుకొని లాగకుడు. వాడుకలో ప్లగ్గు చేతికి వేడిగా తగిలినచో అది లోపలి వదులు అతుకు చెప్పుకొను మొర, వెంటనే మార్పించుడు. వేడెక్కు యంత్రములకు త్రాటిని బిగుతుగా చుట్టి వాడకుడు. పగిలిన త్రాటికి టేపు వైద్యము చేయక కొత్తది వేయించుడు. తీగలోని ఎర్తు ఎంత మంచిదైనను, గోడలోని ఎర్తు పెరటిలోని గుంటవరకు పోయినదే సార్థకము; విద్యుత్ పని తెలిసినవానిని పిలిచి ఏడాదికొకసారియైనను చూపించుడు. 30 మిల్లీ ఆంపియర్ల రక్షక స్విచ్చు ఇంటికి ఒకటి పెట్టించుకొన్నచో మరియు మేలు. దానిమీద పరీక్ష అని ఒక చిన్న మీట ఉండును. అప్పుడప్పుడు దానిని నొక్కి చూచుట మరువకుడు. పరీక్షించు దానిని పరీక్షించుట అనగా ఇంటిలో అదియే.

విద్యుత్తు మంచి సేవకుడు. కాని తన దారి చెడినదని అది ముందుగా చెప్పదు. చెప్పించుకొను నేర్పు మనకుండవలెను. కర్మాగారమున ఆ నేర్పు ఒక పచ్చ దీపము, ఒక ఎర్ర దీపము, డబ్బాలో దాచిన నాలుగు చెడ్డ త్రాళ్ళు. ఇంటిలో అది రెండు కన్నులు, ఒక పొడి చేయి, కొంచెము ఓపిక. ఈ రాత్రి కరెంటు ఆపి, మీ ఇంటి ఇస్త్రీపెట్టె త్రాటిని ఈ కొసనుండి ఆ కొసవరకు ఒక్కసారి చూచుకొనుడు. మూడవ పిన్ను దాని చోట ఉన్నదేమో మరువక చూడుడు. సెలవు.